పదకొండు గంటల చదువరి

"వచ్చారమ్మా, వచ్చారు" అంది బుల్లి, లాప్‌టాప్ వైపు వేలు చూపిస్తూ.

తల్లి తడి చేతులు తుడుచుకుంటూ వంగి చూసింది. తెరమీద ఒక గీత, పక్కన ఒక అంకె ఉన్నాయి గానీ మనిషన్న వాళ్ళెవరూ కనిపించలేదు.

"ఎవరే వచ్చింది?"

"నా సైటుకి. సరిగ్గా పదకొండింటికి. రోజూ ఇంతే."

లైబ్రరీ సైన్సు చదువు పూర్తయి ఏడాది దాటింది. పంపిన దరఖాస్తులు ఏ గంగలో కలుస్తున్నాయో తెలియక, బుల్లి తనకంటూ ఒక వెబ్‌సైటు తయారుచేసుకుంది. మొదటి పేజీలో తన ఫోటో, తన గురించి పది వాక్యాలు పెట్టింది. రెండో పేజీలో, వీధి చివరి బడి బీరువాల్లో బూజుపట్టిన నాలుగు వందల పుస్తకాలకు నంబర్లు వేసి జాబితా కట్టిన వైనం రాసింది. అట్ట ఊడిన పుస్తకాన్ని కుట్టి అతికించే వీడియో మూడో పేజీలో ఉంది. ఎవరు ఎక్కడినుంచి ఎంతసేపు చూశారో చెప్పే లెక్క కూడా ఒకటి అమర్చుకుంది. మొదటి నెలంతా ఆ లెక్కలో తను తప్ప నరమానవుడు లేడు.

ఆ తర్వాతే ఈ చదువరి రావడం మొదలైంది. పేరు తెలియదు. చూస్తున్నది నగర గ్రంథాలయం కంప్యూటర్ నుంచని మాత్రం లెక్క చెప్పింది. ఆ గ్రంథాలయంలోనే ఒక పోస్టు ఖాళీగా ఉంది, బుల్లి దరఖాస్తు కూడా అక్కడే ఉంది. ఇంకేం, ఆశకు రెక్కలొచ్చాయి.

సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. పోనుపోను బెరుకు పట్టుకుంది. ఆ చదువరి ఒక్క మాటా రాయరు. వీడియో దగ్గర రెండు నిమిషాలు, జాబితా దగ్గర ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఫోటో ఉన్న పేజీలో అరగంట. పది వాక్యాలు చదవడానికి అరగంట ఎందుకు? పదకొండయ్యేసరికి బుల్లి తెర ముందుకు చేరేది. ఎవరో ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా తననే చూస్తున్నట్టుండేది. తెలియకుండానే జుట్టు సరిచేసుకునేది, గొంతు తగ్గించి మాట్లాడేది.

"దయ్యం పట్టినదానిలా ఆ తెర ముందు కూర్చుంటావేంటే" అని కసిరింది తల్లి.

"ఆదివారాలు రారమ్మా. దయ్యాలకు ఆదివారం సెలవుంటుందా? ఎవరో ఆఫీసు మనిషే."

సాయంత్రం తండ్రి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ పలకరించేవాడు. "ఏమంటున్నారు లైబ్రేరియన్‌గారు?"

"ఇంకా కాలేదు నాన్నా."

"కానీలే. నేను ఆఫీసుకు వెళ్తున్నన్నాళ్ళు నీకేం తొందర?"

ఆ మాటకు బుల్లికి ఇంకా సిగ్గేసేది. పాతికేళ్ళుగా ఒకే కంపెనీలో గుమాస్తా. ఈ వయసులో ఆయన్ని కాస్త కూర్చోబెట్టాల్సింది పోయి, తనే ఇంకా ఆయన భుజాల మీద కూర్చుంది.

ఆ మధ్య తండ్రికి జ్వరం వచ్చింది. డాక్టరు చుట్టూ, మందుల షాపు చుట్టూ తిరగడంతో బుల్లి మూడు రోజులు సైటులో కొత్తగా ఏమీ రాయలేదు. ఆ మూడు రోజులూ చదువరి రాలేదు. బుల్లి ఆ లెక్కను పదేపదే తెరిచి చూసింది. కొత్తది లేకపోతే ఎందుకు వస్తారు, చేజేతులా చెడగొట్టుకున్నాను అనుకుంది. నాలుగో రోజు పొద్దున్నే, పిల్లల పుస్తకాలను ఏ వరసలో సర్దాలో ఒక పేజీ రాసి పెట్టింది. పదకొండింటికి గీత మళ్ళీ లేచింది. అంతే, ఇక రాయని రోజు లేదు.

నెల తిరక్కుండానే ఆ గ్రంథాలయం నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంట్లో చెప్పలేదు. ఇదివరకు నాలుగుసార్లు చెప్పి, నాలుగుసార్లూ తల దించుకుని తిరిగొచ్చింది. స్నేహితురాలింటికని అబద్ధమాడి బయల్దేరింది.

ముఖ్య గ్రంథపాలకుడు నెమ్మదైన మనిషి. నాలుగు ప్రశ్నలడిగి, "మీరేమైనా చెప్పాలా?" అన్నారు.

"నా సైటు రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ. కొత్తగా చెప్పేదేముంది?"

"ఏ సైటమ్మా?"

బుల్లి నవ్వబోయి ఆగిపోయింది. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. ఫోన్ తీసి లెక్క చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, అందులోని కంప్యూటర్ నంబరు చూశారు.

"ఇది మా సిబ్బంది కంప్యూటర్ కాదు. చదువరుల గదిలో మూలన ఉన్నది. పదకొండింటికి తెరుస్తాం. ఎవరైనా వాడుకోవచ్చు."

ఇన్నాళ్ళ ఆశ ఒక్క మాటతో నీరుగారిపోయింది. ఏడుపుకన్నా ముందు భయం ముంచుకొచ్చింది. మరి ఇన్ని అరగంటలు తన ముఖం చూస్తున్నది ఎవరు?

"అక్కడ ఎవరు కూర్చుంటారండీ?"

"చదువరుల సంగతులు మేం బయటపెట్టం. మీ చదువులో మొదటి పాఠమే అది కదమ్మా." ఆమె కుర్చీలోంచి లేవకపోవడం చూసి ఆయన గొంతు తగ్గించారు. "భయపడాల్సిన మనిషైతే కాదు. ఎనిమిది నెలలుగా మేం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంటారు. మూసేదాకా కదలరు. పాపం, ఒకరి జోలికి పోరు. మీ సైటు చూసి కబురు చేస్తాం, వెళ్ళిరండి."

బయటికి దారి చదువరుల గది పక్కనుంచే. చూడకూడదనుకుంటూనే బుల్లి తలుపు దగ్గర ఆగింది. గోడ గడియారంలో పదకొండుంపావు. మూలనున్న తెర నిండా తన ఫోటో నవ్వుతోంది, దాని ముందు ఒక వంగిన వీపు.

ఆ కుర్చీలో, పొద్దున ఆఫీసుకని వెళ్ళిన నాన్న ఉన్నాడు.