మరిడమ్మ మూర

గోకవరం బస్టాండు దగ్గర పూలమ్మిన మరిడమ్మది పొడుగు చెయ్యి. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఆమె మూర వేస్తే, పక్కవాళ్ల మూర కన్నా బెత్తెడు ఎక్కువే వచ్చేది. మనుషులు పూలమ్మే రోజులు పోయి మిషన్లు వచ్చినప్పుడు, జనం నమ్మాలని కంపెనీవాళ్లు ఆమె చేతినే అచ్చు తీసుకున్నారు. మనిషి పోయినా, వీధివీధినా మిషన్లలో పూలు మూర వేస్తూ ఆ చెయ్యి మిగిలింది, వంకర చిటికెనవేలితో సహా.

కూతురు నూకరత్నం ప్రతి శుక్రవారం మిషన్ దగ్గర మూరెడు మల్లెలు కొనేది. దండను తన మోచేతి మీద పరిచేది. వేలి కొస దాటి బెత్తెడు వేలాడితే, అమ్మను చూసొచ్చినట్టుండేది.

ఈ శుక్రవారం దండ సరిగ్గా ఆమె వేలి కొస దగ్గరే ఆగింది. రత్నం తలెత్తి చూసింది. మిషన్‌లో చేతికి వేళ్లన్నీ తిన్నగా ఉన్నాయి.

“పూలొచ్చేసినియ్ గదా, జరగమ్మా” అంది వెనకావిడ.

“మా అమ్మ చెయ్యి తగ్గించేశారండీ.”

“అన్నీ తగ్గించేత్తన్నారు తల్లీ, పూలొక లెక్కా?”

ఇంటికొచ్చి రత్నం పాత దండ నార కోసం మూలమూలా గాలించింది. ఒక్కటి దొరికినా అమ్మ మూర దక్కుతుంది. దొరకలేదు. వాడిన దండను ఏ వారానికావారం తనే పారేసింది, శుక్రవారం అమ్మ మళ్లీ ఇస్తుందన్న ధీమాతో.