ఐదో సర్టిఫికెట్

"రాజు ఎవరండీ? రాజు!"

రెండోసారి పిలిచాక గానీ అతను కుర్చీలోంచి లేవలేదు. వదులుగా ఉన్న చొక్కాను ప్యాంటులోకి దోపుకుని గదిలోకి వెళ్లాడు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎగుమతి సరుకు పనులు చూసే కంపెనీ అది. మేనేజరు శ్రావణ్‌కుమార్ ఆధార్ కార్డు మీది ఫోటోనూ ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"బాగా చిక్కిపోయారు."

"ఇంట్ల జర పరేషాన్ ఉండె సార్."

ఆధార్ ఫోటోలో ఎవరు మాత్రం తమలా ఉంటారు గనక? శ్రావణ్‌కుమార్ కార్డు తిరిగి ఇచ్చేసి పనిలోకి దిగాడు. విమానం బయల్దేరే వేళకు కంప్యూటర్లు ఆగిపోతే ఏం చేస్తారని అడిగాడు. అతను తడుముకోలేదు. బిల్లులు చేత్తో రాసి ముందు సరుకు ఎక్కించేస్తామని, కంప్యూటర్లో తర్వాత ఎక్కిస్తామని, సంతకం మాత్రం అప్పుడే తీసుకోవాలని చెప్పాడు. ఎనిమిదేళ్లుగా వాళ్లింట్లో అన్నాల దగ్గర నడిచిన ముచ్చట్లే అవన్నీ.

శ్రావణ్‌కుమార్ మొహం విప్పారింది. "మీ పాత సేఠ్‌కు ఫోన్ చేశాను. ఇక్కడ ఆఫీసు మూసేసి ముంబై వెళ్లిపోయారట కదా. రాజు దొరికితే వదలొద్దన్నాడు."

అతను తల దించుకున్నాడు. పెద్దమనిషి అణకువ అనుకున్నాడు శ్రావణ్‌కుమార్.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, బాపు. తమ్ముడు... అరవింద్." ఆ పేరు దగ్గర గొంతు తగ్గింది. "కంప్యూటర్ల నాలుగు సర్టిఫికెట్లు తెచ్చుకుండు సార్. అనుభవం లేదని ఎవలు తీస్కుంటలేరు."

"అలాంటివి మాకు రోజూ కట్టలు కట్టలు వస్తాయి. విప్పి కూడా చూడం."

"తెలుసు సార్. మీకు రెండుసార్లు పంపిండు."

శ్రావణ్‌కుమార్ కొంచెం ఇబ్బంది పడ్డాడు. సర్టిఫికెట్ ఎవరైనా తెచ్చుకుంటారని, అనుభవం మాత్రం ఒకరిది ఇంకొకరికి రాదని చెప్పి చెయ్యి కలిపాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

మామిడిపల్లిలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని అతనికి భయమేసింది. వచ్చే నెలలోనే రాజేంద్రనగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకోవాలి. అక్కడైతే తమను ఎరిగినవాళ్లు లేరు.

గడపలోనే కూర్చుని ఉంది తల్లి రేణుకమ్మ. ఈ మధ్య ఆమె కొడుకును పేరుతో పిలవడం మానేసింది.

"ఏమాయె బిడ్డా?"

"నౌకరి ఇచ్చిండ్రు అమ్మా."

రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఉద్యోగం వచ్చిన ఇంట్లో అంత ఏడుపేమిటని పక్కింటివాళ్లు తొంగి చూశారు. సంతోషానికేలే అనుకుని తలుపులేసుకున్నారు.

తండ్రి జంగయ్య లోపలి నుంచి మాసిపోయిన దరఖాస్తు ఒకటి పట్టుకొచ్చాడు. పొద్దున అతను ఇంటర్వ్యూకు బయల్దేరేటప్పుడు కూడా దాన్నే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు మళ్లీ అదే అడిగాడు.

"పది నెలలాయె. రేపు మున్సిపల్ ఆఫీసుకు పొయ్యి ఆ సర్టిఫికెట్ తెస్త మరి."

"వద్దు బాపు."

"ఇంకెప్పుడు తేవాలె?"

"ఇగ ఎన్నటికి తేవద్దు."

జంగయ్యకు అర్థమైంది. కాగితాన్ని మడతలు పెట్టాడు. పొయ్యిలోకి తోశాడు. అది కాలేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.

అది రాజు డెత్ సర్టిఫికెట్ కోసం రాసింది.