మూడో అంతస్తులో మావారు

మెట్లెక్కి మూడో అంతస్తులోని ల్యాబుకి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం ముంచుకొచ్చింది.

అరవై ఏళ్లుంటాయి. పెద్ద బొట్టు, పెళ్లికి బయల్దేరినట్టు పట్టుచీర.

“మావారు ఇక్కడే పనిచేస్తారండి. ఎలా ఉన్నారో చూసి పోదామని రావులపాలెం నుంచి వచ్చానండి.”

దుర్గాశ్రీ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తే తీరికేదీ? రాజమండ్రి వచ్చి మూడేళ్లుగా పడ్డ కష్టం ఆ ఉదయమే ఫలించింది.

అవి నాడీకణాలు. నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడిన ఒకాయన చర్మం నుంచి మూడేళ్లుగా విడతలు విడతలుగా పెంచుతూ వస్తున్నవి. ఆయనెవరో ఆమెకి తెలియదు, డబ్బా మీద నంబరు తప్ప.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పోగుల్లా పొడుగ్గా ఉన్నంతకాలం కణం బతుకుతుంది. ఓ తప్పుడు సంకేతం అందిందా, అవి ముక్కలైపోతాయి, కణం చస్తుంది. ఆ సంకేతాన్ని దుర్గాశ్రీ ఆపగలిగింది. ముక్కలు మళ్లీ కలిసి పోగులయ్యాయి. వారంలో పోవాల్సిన కణాలు నలభయ్యో రోజున కూడా నిక్షేపంలా ఉన్నాయి. ఆ జబ్బుకి మందు దొరికే దారి పడింది. గర్వంతో ఆమెకి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

“ఆయన పేరేంటండి?” అంది విసుగ్గా.

ఆవిడ సిగ్గుపడింది. మొగుడి పేరు పలికే అలవాటు ఆవిడకి లేదు. అరటి గెలలు మోసేవారని, చదువుకోలేదని, అయినా ఇంత చదువుకున్నవాళ్లకి పనికొస్తున్నారని మాత్రం మురిసిపోతూ చెప్పింది. మూడో అంతస్తులో ఉంటారని ఎవరో సార్ చెప్పారట.

మూడో అంతస్తులో ఉన్నది ముగ్గురు ఆడపిల్లలు. ఎవడో ఎవరిచేతో అలా చెప్పించి, పెళ్లాన్ని మాయ చేసి ఎక్కడో తిరుగుతున్నాడని దుర్గాశ్రీ తేల్చేసుకుంది.

“ఇక్కడ మగవాళ్లెవరూ పనిచేయరండి. ఆయన మీతో అబద్ధం చెప్పారు.”

ఆవిడ మొహం చిన్నబోయింది. తల మాత్రం దించలేదు.

“మావారు అబద్ధమాడే మనిషి కాదండి.”

అంతే, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం మీటింగు ముగించుకుని ప్రొఫెసర్ ప్రసన్నకుమార్ కింది అంతస్తు నుంచి పైకి వచ్చారు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. లేచేటప్పటికి ఆయన కళ్లు చెమర్చాయి.

“నాగదుర్గగారు వచ్చారా? పొద్దున నువ్వు ఫోన్ చేయగానే ఆవిడకి కబురు పెట్టాను.”

దుర్గాశ్రీ లేచి నిలబడింది. జరిగింది చెప్పింది. ఆయన గబగబా కిటికీ దగ్గరికి నడిచారు. రావులపాలెం బస్సు వెళ్లి అప్పటికే గంటయింది.

ఆయన వెనక్కి తిరిగి, మైక్రోస్కోపు వైపు చూపిస్తూ అన్నారు.

“నాలుగేళ్ల క్రితం భర్త పోతే, పాడె కట్టడం ఆపించి, ‘మా పిల్లల కాళ్లూ ఇలాగే పోతున్నాయండి, మావారితో మీ పరిశోధనకి ఏం పనుందో ముందు చూసుకోండి’ అని నాకు ఫోన్ చేసిన ఇల్లాలమ్మా ఆవిడ, మూడేళ్లుగా నువ్వు కంటికి రెప్పలా కాపాడుతున్నది ఆయన్నే.”