డెబ్భై ఎనిమిది మూలుగులు

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో ఒక కస్టమరును మోసం చేశారు. చేసింది బ్లెస్సీ, వాళ్ళ నాన్న జోజి మేస్త్రీ. మోసపోయింది ఎర్రుపాలెం లారీ ఓనరు పిచ్చయ్య.

"హెడ్డు బోల్టులు మాత్రం జోజి చేత్తోనే బిగియ్యాలె," అన్నాడు పిచ్చయ్య. "కాదంటే ఇప్పుడే చెప్పండి. బండికి తాడు కట్టించి ఖమ్మం గుంజుకపోత."

అశ్వాపురం దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది జోజి షెడ్డు. పిచ్చయ్య జామాయిల్ కర్ర కాగితం మిల్లులో దింపేసి, పొంగుతున్న రేడియేటర్‌లో నీళ్ళు పోసుకుంటూ, దారిలో రెండు షెడ్లు వదిలేసి మరీ ఇక్కడికొచ్చాడు. బ్లెస్సీ డిప్‌స్టిక్ తీసి చూసింది. ఇంజనాయిల్ చాయ్ రంగుకు తిరిగింది, అదీ పాలు ఎక్కువైన చాయ్. ఇంజను మీది హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్ పోయి ఆయిల్లో నీళ్ళు కలిశాయి.

"పాలిటెక్నిక్‌ల ఆటోమొబైల్ చదివిన బాబాయ్. నేను బిగిస్తే ఏమైతది?"

"నీ చదువు కొత్తది, నా బండి పాతది. దానికి మీ నాయన చెయ్యే అలవాటు."

వానాకాలం నుంచి జోజి కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదని వాళ్ళ ధీమా. తెలిసిందా, భద్రాచలం రోడ్డు మీద తిరిగే డ్రైవర్లలో ఒక్కడు కూడా షెడ్డు వైపు బండి తిప్పడు. వాళ్ళొచ్చేదే ఆ చెయ్యి కోసం.

"నేనే బిగిస్త. పొయ్యి చాయ్ తాగు పిచ్చయ్యా," అన్నాడు జోజి, ఎడమ చేత్తో మీసం సవరించుకుంటూ.

బ్లెస్సీ బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. దగ్గరి వైపువి మొండికేశాయి. చెయ్యి చాపితే తప్ప అందని అవతలి వైపువి సీసా మూతల్లా వచ్చేశాయి. ఆమె చెయ్యి ఆగింది. దసరాకు ఈ గ్యాస్కెట్ వేసింది నాన్నే. నాలుగు నెలలు కూడా కాలేదు.

జోజి తల తిప్పుకున్నాడు. "బోల్టులు సాగినట్టున్నయ్," అన్నాడు.

"అవ్ డాడీ. సాగినయ్. కొత్తవి వేద్దాం."

చైన్ పుల్లీతో హెడ్డు లేపారు. మసి గీకి, స్కేలు పెట్టి చూస్తే హెడ్డు వంకర పోలేదు. కొత్త గ్యాస్కెట్ పరిచి, హెడ్డు దించే ముందు బ్లెస్సీ బండి చుట్టూ టార్పాలిన్ కట్టింది.

"పరదా ఎందుకమ్మా? మీ నాయన సిగ్గుపడుతుండా?" బెంచీ మీద నుంచి అడిగాడు పిచ్చయ్య.

"దుమ్ము పడొద్దు బాబాయ్. ఒక్క ఇసుక రేణువు పడ్డా పని మళ్ళా మొదటికొస్తది."

టార్పాలిన్ లోపల గొంతు తగ్గించింది. "నేను బిగిస్త. నువ్వు మూలుగు."

"ఏమని?"

"ఎప్పుడూ ఎట్ల మూలుగుతవో గట్లనే."

జోజి పద్ధతి వేరు. పానాకు ఇనప గొట్టం తొడిగి, భుజం కలుక్కుమనేదాకా గుంజుతాడు. కొలత ఆ భుజమే. బ్లెస్సీ చేతిలో ఉన్నది టార్క్ రెంచి. సరైన బిగువు రాగానే టిక్కుమంటుంది, అక్కడ ఆపాలి. నడిమి బోల్టుతో మొదలుపెట్టి అంచులకు రావాలి. ఇరవయ్యారు బోల్టులు, మూడు రౌండ్లు.

టిక్. "హూఁ."

టిక్. "హమ్మా."

టిక్. "ప్రభువా."

లెక్క ప్రకారం డెబ్భై ఎనిమిది మూలుగులు. రెండో రౌండుకే జోజి గొంతు ఎండిపోయింది. "దీనికన్నా బిగించుడే నయం," అని గొణిగాడు.

"మెల్లగ మేస్త్రీ! నడుం పట్టేస్తది!" బయటి నుంచి పిచ్చయ్య.

"నాది ఉక్కు నడుం!"

మూడో రౌండులో నాలుగు బోల్టులు వరసగా టిక్కుమన్నాయి, మూలుగు మాత్రం లేదు. బ్లెస్సీ తిరిగి చూస్తే జోజి కూతురి చేతి వైపే చూస్తూ నిలబడిపోయాడు. మోచేత్తో పొడిచింది. ఆయన ఉలిక్కిపడి బాకీ నాలుగూ కలిపి ఒకేసారి మూలిగాడు.

నీళ్ళూ కొత్త ఆయిలూ పోశాక పిచ్చయ్య టైరు కింద నిమ్మకాయ పెట్టాడు. జోజి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఎవరి దేవుడు ఆదుకున్నాడో గానీ ఇంజను మొదటి సెల్ఫుకే అందుకుంది. గంటసేపు నడిపారు. రేడియేటర్‌లో ఒక్క బుడగ లేదు, పొగలో తెలుపు లేదు.

"గదీ మేస్త్రీ చెయ్యంటే!" రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినపడేలా అరిచాడు పిచ్చయ్య. జోజి ఛాతీ విరుచుకుని చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

బ్లెస్సీ ఊపిరి పీల్చుకుంది. "వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక రా బాబాయ్. బోల్టులు మళ్ళొకసారి బిగియ్యాలె. డాడీ బిగిస్తడు."

పిచ్చయ్య కేబిన్ ఎక్కి, షెడ్డు వెనక్కి ఒకసారి చూసి, కిటికీలోంచి కిందికి వంగాడు.

"వస్త. మళ్ళా మీ నాయన చెయ్యే కావాలని నలుగురు వినేటట్టు లొల్లి చేస్త. దసరాకు నా బండి కాడ ఆయన భుజం పట్టుకుని కూలబడుడు నేను చూసిన. నువ్వు మాత్రం గా టిక్కుమనేదానితోనే బిగియ్యి బిడ్డా. రెండు షెడ్లు దాటి వచ్చింది నీ చెయ్యి కోసమే."