దుప్పటికి రెండో కొస

అన్నాల వేళ ఫోను చేతులు మారుతోంది.

"నొక్కు వదినా, ఇంకా ఆలోచిస్తావేం?" అంది ఇస్త్రీ అక్క.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అందరికంటే ముందు చేరినందుకు ఆమె అందరికీ వదినే. ఎవరి తరఫు వదినో ఎవరూ అడగలేదు.

ఫోనులో ముందురోజు వచ్చిన క్రైం సీరియల్. స్నేహితుణ్ణి చంపిన కుర్రాడికి ఏ శిక్ష వెయ్యాలో చూసేవాళ్ళే ఓటు వేసి చెప్పాలట. ఉరికి ఎర్ర గుర్తు, జైలుకు నీలం. ఒక్కొక్కరు ఎన్ని ఓట్లయినా వెయ్యొచ్చు.

వదిన ఎర్రది నొక్కి పక్కకు అందించింది.

పక్కనున్న కొత్తావిడ ఏదీ నొక్కలేదు. ఫోను అటు జరిపేసింది.

"అదేంటి?"

"కోర్టు వెయ్యాల్సిన శిక్ష మనమెందుకమ్మా వెయ్యడం?"

"కోర్టును నమ్ముకుంటే తీర్పు మన మనవలు వింటారు," అంది ఇస్త్రీ అక్క. "అయినా వాడు చంపడం అందరం కళ్ళారా చూశాంగా."

"చూశాం. వాడేమంటాడో ఇంకా వినలేదు."

"వాడి మాట వింటూ కూర్చుంటే సీరియల్ ఎప్పటికి తెగాలి?"

అందరూ నవ్వారు. కొత్తావిడ కూడా నవ్వింది.

"పోనీ, పోయినవాడి తల్లినైనా అడగొచ్చుగా," అంది.

"ఆవిడను అడిగేదేముంది? ఉరి తియ్యమనే అంటుంది. ఆ కడుపుకోత నీకేం తెలుసు?"

కొత్తావిడ గిన్నెకు మూత పెట్టి లేచింది.

దుప్పటి మడత పెట్టడం ఇద్దరి పని. చెరోవైపు కొసలు పట్టుకుని, బిగించి, ఒకసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. వదినకు జత కొత్తావిడే. లాగాల్సినంతే లాగేది. వదినకు భుజం నొప్పి అని తెలిశాక కింద ఉన్న మూటలన్నీ తనే ఎత్తేది.

వారం తిరక్కముందే ఇస్త్రీ అక్క కబురు మోసుకొచ్చింది.

"కొత్తావిడను మా మరిది చూశాడు. జైలు గేటు దగ్గర వరసలో నిలబడి ఉందట, చేతిలో సంచితో. నేననుకుంటూనే ఉన్నా, ఆ జాలి ఊరికే పుట్టుకురాలేదని."

వదినకు మనసు ఊరుకోలేదు. మడత పెడుతూనే అడిగేసింది.

"జైల్లో నీకెవరున్నారు?"

"ఒక అబ్బాయున్నాడు."

"ఏం చేశాడు?"

"మాటా మాటా పెరిగింది. కోపంలో మేడ మీంచి తోసేశాడు. ఒక ప్రాణం పోయింది."

చెబుతూనే నడిచి వచ్చి తన కొసలు అందించింది. వేళ్ళు తగలగానే వదిన చప్పున చెయ్యి లాక్కుంది. దుప్పటి నేల మీద పడింది.

కొత్తావిడ వంగి దాన్ని తీసి, మళ్ళీ ఉతికేవాటిలో వేసింది.

మర్నాడు వదిన సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"నాకు జత మార్చండి."

"ఏమైంది?"

"నాకూ మగపిల్లాడున్నాడండీ. హంతకుణ్ణి కన్నదానితో చెయ్యి కలిపి పని చెయ్యలేను."

అని వెనక్కి తిరిగేసరికి కొత్తావిడ అక్కడే ఉంది, భుజాన మూటతో. మూటను బల్ల మీద దించి పనిలో పడింది.

ఆపైన ఆమెకు జతగా ఎవరూ ఒప్పుకోలేదు. దుప్పటి నడిమి అంచును గడ్డం కింద నొక్కిపట్టి, రెండు చేతులూ బారచాపి ఒంటరిగా మడత పెట్టుకునేది. బట్టలు ఆరబెట్టే యంత్రం పక్కన కూర్చుని అన్నం తినేది.

వదినకు ఇస్త్రీ అక్క చెల్లెలు జత కుదిరింది. ఆ పిల్ల లాగిందంటే భుజం ఊడి చేతికి రావాల్సిందే. వదిన పళ్ళ బిగువున ఓర్చుకుంది.

సీరియల్లో ఉరే గెలిచింది. ఆ రోజు లాండ్రీలో స్వీట్లు పంచకపోవడమే తక్కువ.

"నా ఒక్కదాని ఓట్లే బండెడుంటాయి," అంది ఇస్త్రీ అక్క.

కొన్నాళ్ళకు కొత్తావిడ రావడం మానేసింది. ఏమైందని ఎవరూ కనుక్కోలేదు.

ఒక మధ్యాహ్నం వెనక గుమ్మంలో ఒక బక్కపల్చటి యువకుడు నిలబడ్డాడు. చేతిలో శుభ్రంగా ఉతికిన లాండ్రీ ఏప్రన్లు.

"ఇవి ఇచ్చేసి రమ్మన్నారండీ."

వదినకు అర్థమైంది. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"జైల్లోంచి ఎప్పుడు వదిలారు?"

"పోయిన వారం."

"తను రాలేదా?"

"పొద్దున్నే బస్సెక్కేశారండీ. నా సంగతి తెలిసి ఇల్లుగలవాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఈ ఊళ్ళో నాకు పనీ దొరకలేదు. దూరంగా ఎక్కడో గది చూశారు. సామానంతా తీసుకుని నేనూ వెళ్ళిపోతున్నా."

వదిన ఏప్రన్లు అందుకుంది. ఆమె ఇంట్లోనూ ఇంచుమించు ఆ ఈడు కొడుకే ఉన్నాడు. గొంతు కాస్త మెత్తబడింది.

"ఎంతైనా కన్నతల్లి బాబూ. నువ్వెలాంటివాడివైనా వదులుకోలేదు. ఇకనైనా బాగా చూసుకో."

అతను తల దించుకున్నాడు.

"మా అమ్మ నన్ను చూడ్డానికి ఒక్కసారి కూడా జైలుకు రాలేదండీ."

వదిన తికమకపడింది.

"మరి ఈవిడ నీకేమవుతుంది?"

అతను ఏదో వరస చెప్పబోయి ఆగిపోయాడు.

"నేను తోసేసింది ఆవిడ కొడుకునేనండీ."