అక్క చెప్పిందంటే

"ఎలుగుబంటి ఎంతవరకు వచ్చిందండీ?" అని ఫోన్లో అడిగింది పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్త.

"ప్రగతి చాలా బావుంది మేడమ్. గ్రాఫు పంపిస్తాను, చూడండి," అన్నాడు బొమ్మలాయన.

"గ్రాఫు నేనేం చేసుకోను? నా కథలో తేనె దొంగిలించేది ఎలుగుబంటి కదండీ! నెలాఖరుకి ఇవ్వలేకపోతే చెప్పేయండి. ఇంకొకరిని చూసుకుంటాను."

బొమ్మలాయన ఉద్యోగం మానేసి, ఇంట్లోనే బొమ్మలు గీసుకు బతుకుతానని బయల్దేరాక తగిలిన ఒకే ఒక్క మంచి పార్టీ ఆవిడ. అది కూడా చేజారితే మళ్లీ పాత ఆఫీసు గుమ్మం ఎక్కాల్సిందే. అందుకని ఆలస్యం చేయకుండా, గడువు గుర్తుచేసే కొత్త యాప్ ఒకటి దించుకోవడం మొదలుపెట్టాడు.

బద్ధకస్తుడు కాదు పాపం. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బల్ల ముందు కూర్చునేవాడు. పని గంటలు లెక్కపెట్టే యాప్ నొక్కేవాడు. చేయాల్సినవన్నీ ఇంకో యాప్‌లో ఎక్కించి, ఒక్కోదానికి ఒక్కో రంగు వేసేవాడు. ఎలుగుబంటి నలుపా గోధుమ రంగా అన్నది తేలలేదు గానీ, 'ఎలుగుబంటి గీయాలి' అన్న వాక్యానికి మాత్రం నారింజ రంగు ఖాయమైంది. ఫోను ముట్టుకోకుండా ఉంటే తెర మీద మొక్కను పెంచే యాప్ మరొకటి. మొక్క ఎంత ఎదిగిందో చూద్దామని ఫోను తీసేవాడు. మొక్క చచ్చేది. మళ్లీ నాటేవాడు. ఈ యాప్‌లన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి ఇంకో యాప్. అవి హాయిగా మాట్లాడుకుంటున్నాయి. ఎలుగుబంటికి ఇంకా చెవులు కూడా మొలవలేదు.

"ముందు ఆ ఎలుగుబంటి సంగతి చూడండి," అంది భార్య, టీ కప్పు బల్ల మీద పెడుతూ. "ఫోను తీసుకెళ్లి వంటింట్లో పడేయండి. వంకరో టింకరో గీసేయండి. దిద్దుకోవడం తర్వాత."

"నీకు ఫ్రీలాన్సింగ్ గురించి తెలీదే. దీనికో పద్ధతి ఉంటుంది."

"ఉంటుంది లెండి. అన్నట్టు మీకో మాట చెప్పాలి. రేపట్నుంచి నేను..."

"ఊఁ... ఊఁ... తప్పకుండా," అన్నాడు, యాప్ దిగుతూ గిరగిరా తిరుగుతున్న చక్రంకేసి చూస్తూ. ఏమిటి తప్పకుండానో అతనికే తెలీదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి, మధ్యాహ్నం కాగానే ఆవిడ దుప్పట్లు చంకన పెట్టుకుని చిన్నగదిలోకి వెళ్లి తలుపేసుకునేది. 'కునుకు తీయడానికి కూడా రాసిపెట్టి ఉండాలి' అని నిట్టూర్చి, అతను మళ్లీ మొక్క నాటుకునేవాడు.

నెలాఖరు ముంచుకొస్తుండగా, తోటి చిత్రకారుడొకడు 'అక్క' అనే యాప్ గురించి చెప్పాడు. కొత్తగా వచ్చిందట. అందులో రంగుల్లేవు, గ్రాఫుల్లేవు, మొక్కల్లేవు. సన్నగా వీణ మోగుతుంది. ఆ వెనకే ఒక ఆడగొంతు పలుకుతుంది.

"లే తమ్ముడూ. ఏ పనంటే భయపడి తప్పించుకు తిరుగుతున్నావో, ఆ పనే ముందు మొదలుపెట్టు. నన్ను తీసుకెళ్లి వంటింట్లో వదిలెయ్. వంకరో టింకరో కానియ్. దిద్దుకోవడం తర్వాత."

బొమ్మలాయన లేచి నిలబడ్డాడు. ఇంత ముక్క ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదే!

"సరే అక్కా," అన్నాడు చేతులు కట్టుకుని.

అక్క చెప్పిందంటే వేదమే. పొమ్మన్నప్పుడు ఫోను వంటింట్లోకి పోయింది. పడుకోమన్నప్పుడు అతను పడుకున్నాడు. ఎలుగుబంటికి చెవులొచ్చాయి, ముక్కొచ్చింది, మూతికి తేనె అంటింది. ఆఖరికి ఆ మొహంలో దొంగతనం చేసిన సిగ్గు కూడా వచ్చేసింది.

"మహాతల్లి! ఎంత తెలివి, ఎంత ఓపిక!" అన్నాడు భోంచేస్తూ భార్యతో. "నువ్వూ ఉన్నావు. పొద్దస్తమానం ఏదో ఒకటి చెబుతూనే ఉంటావు, ఒక్కటైనా పనికొస్తుందా? కాస్త ఆవిణ్ణి చూసి నేర్చుకోకూడదూ?"

ఆవిడకి పొలమారింది. "నేర్చుకుంటాలెండి. ముందు ఆ వేణ్ణీళ్ల గ్లాసు ఇలా ఇవ్వండి, గొంతు ఎండిపోతోంది."

"వాగుతూ ఉంటే ఎండిపోదూ మరి!" అని గ్లాసు అందించి, అక్కకి అయిదు చుక్కలూ ఇచ్చి, కింద ఇలా రాశాడు: 'నా జీవితంలో నేను మాట విన్న ఏకైక స్త్రీ.'

బొమ్మ పంపించాక ప్రచురణకర్త దగ్గర్నుంచి జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. 'ఎలుగుబంటి అద్భుతం. ఈ వరసలో రాబోయే పుస్తకాలన్నీ మీరే గీయాలి.'

బొమ్మలాయన ఎగిరి గంతేశాడు. ఈ కబురు ముందు అక్కకే చెప్పాలి! వంటింట్లోకి పరిగెత్తి ఫోను తీశాడు. ఛార్జింగ్ అయిపోయి చచ్చి ఊరుకుంది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సరే, కనీసం ఇంట్లో మనిషికైనా చెబుదామని, ఆ ఫోను చేత్తో పట్టుకునే చిన్నగది దగ్గరికి వెళ్లాడు. తలుపు తట్టబోయి ఆగిపోయాడు.

లోపల అక్క మాట్లాడుతోంది.

చేతిలో ఫోను చూసుకున్నాడు. నల్లగా అలాగే ఉంది.

మెల్లగా తలుపు తోశాడు. దుప్పట్లు వేలాడదీసిన గోడల మధ్య, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు మీదికి వంగి, "శభాష్ తమ్ముడూ, నా మాట విన్నావు, బాగుపడ్డావు," అంటోంది అతని భార్య.