శవాన్ని ఎత్తే పాత్ర

“దయ్యం నోట్లోంచి పురుగులు రాలల్ల,” అన్నాడు కుళ్ళాయప్ప.

“ఏమప్పా, తినేటప్పుడా ఆ మాట?” నాగన్న కొరికిన బోండాను పళ్ళెంలో పడేశాడు.

1985 ఎండాకాలం. కంబదూరు రోడ్డు మీద వీరప్ప హోటలు. వాళ్ళిద్దరూ గుంతకల్లులో రైల్వే గుమాస్తాలు. అరగంట దయ్యం సినిమా తీయడానికి వచ్చారు. కెమెరా అద్దెది. రేపు తిరిగి ఇచ్చేయాలి. దయ్యం ఎలా ఉండాలో ఇంకా తేలలేదు.

కథ పక్క ఊళ్ళో జరిగిందే. తొన్ను మచ్చలున్న పిల్ల ఒకతె జ్వరంతో చనిపోయింది. పూడ్చారు. తొన్ను ఉన్నవాళ్ళను కాల్చకుండా పూడిస్తే వాన రాదని ఆ ఊరి నమ్మకం. ఆ ఏడు వాన రాలేదు. గుంత తవ్వి, శవాన్ని తీసి కాల్చేశారు.

కుళ్ళాయప్ప సినిమాలో ఆ పిల్లే దయ్యం. శవాన్ని పైకి తీసేవాడు హీరో.

“ఒళ్ళంతా తెల్ల మచ్చలు. జానెడు గోర్లు. చూసినోళ్ళు కక్కుకోవల్ల.”

“దానికి గోర్లు ఉండవప్పా.”

బెంచీ చివర కూర్చున్న ఆడమనిషి అంది. మాసిన చీర, చెమట వాసన. కుళ్ళాయప్ప ముక్కు మూసుకుని జరిగాడు.

“నీకెట్ల తెలుసు?”

“కొరుక్కుంటాండె. ఎప్పుడూ నోట్లోనే వేళ్ళు.”

“దయ్యం గోర్లు కొరుక్కుంటే జనం నగుతారు గదమ్మా,” అన్నాడు నాగన్న.

“నగనీ. చిన్నపిల్ల. దాన్ని చూసి భయపడేదానికి ఏముండాది?”

“ఊరికి వాన లేకుండా చేసింది గదా?”

“జరంలో గుక్కెడు నీళ్ళు దిగలేదు దానికి. అది వాననెట్ల ఆపుతాదప్పా?”

కుళ్ళాయప్పకు విసుగొచ్చింది.

“అన్నీ తెలిసినదానివి, ఇదీ చెప్పు. హీరో గుంతలోకి దూకి, ఒంటిచేత్తో శవాన్ని ఎత్తుతాడు. ఎట్లుంటాది?”

“మొగోళ్ళు ఎవరూ దిగలేదప్పా. తవ్వినారు. వాసన కొట్టింది. పారలు ఆడే పారేసి, మూతికి తుండుగుడ్డలు అడ్డం పెట్టుకొని గట్టు మింద నిలబడినారు. నువ్వు దిగంటే నువ్వు దిగు అని కొట్లాడుకున్నారు.”

నాగన్న బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు.

“థూ, ఇంక ఆపు!” కుళ్ళాయప్ప లేచాడు. “హీరో మూతికి గుడ్డ కట్టుకుంటే ఎవడు చూస్తాడు? లేచి పో. కంపు కొడతాండావు.”

ఆమె లేచింది.

“సినిమా ఎట్లన్నా తీసుకోండప్పా. దాని నోట్లో పురుగులు మాత్రం పెట్టద్దండి.”

“నువ్వు చెప్పినట్ల తీయల్లనా సినిమా?”

కళ్యాణదుర్గం బస్సు ఆగింది. ఆమె ఎక్కి పోయింది.

వీరప్ప టీలు తెచ్చి పెట్టాడు.

“ఆయమ్మ పేరు ఆంజినమ్మ అన్నా. ఊరు విడిచిపెట్టి చానా దినాలాయ. మీరు సినిమా తీస్తాండారని ఎవరో చెప్పినారంట, పొద్దున్నుంచీ మీ కోసం ఈడే కూర్చోనుండె.”

“మా సినిమాతో ఆమెకేం పని?”

వీరప్ప పళ్ళెం తీసుకుని బెంచీ తుడిచాడు.

“ఆ పొద్దు ఎవరూ దిగకపోతే, తానే గుంతలోకి దిగి, కొంగన్నా మూతికి అడ్డం పెట్టుకోకుండా, కూతుర్ని సంకనెత్తుకొని పైకి తెచ్చింది ఆయమ్మేనన్నా.”